సాంకేతిక గ్రంథ పరిష్కర్త

విద్యార్థులారా! కంప్యూటరు శాస్త్రగ్రంథములను ప్రచురించువారు పలుమారు వ్రాతప్రతిని తమ కొలువులో లేని స్వతంత్ర పరిష్కర్తకు బంపుదురు. ఇట్టివారికి నెలజీతము లేదు; పుటల లెక్కనో గంటల లెక్కనో ప్రతిఫలము ముట్టును. భాషను దిద్దుటయే వీరి పని యని తలంపరాదు. గ్రంథములో జెప్పిన విధానమును వరుసగా జదివి, యొక మెట్టు లోపించెనా, యొకే వస్తువునకు రెండు పేళ్లు పడెనా యని చూడవలెను. సందేహము గలిగినచోట దామై మార్పక గ్రంథకర్త నడుగవలెను. ఏలయన, తెలియక చేసిన దిద్దుబాటు క్రొత్త తప్పగును.

చిన్న గుర్తే గదా యనరాదు. 1962వ సంవత్సరము జూలై 22వ తేదీన శుక్రగ్రహమువైపు బంపబడిన అమెరికావారి మారినర్ 1 నౌక దారి తప్పగా, బయలుదేరిన అయిదు నిమిషములలోపలనే దానిని నాశనము చేయవలసివచ్చెను. మార్గమును నిర్ణయించు సూత్రములను వ్రాయుటలో నొక గుర్తు విడిచిపోవుట యందుకొక కారణము.

ప్రొఫెసరు డోనాల్డ్ క్నూత్ తన గ్రంథములలో దోషమును మొదట జూపినవారికి 2.56 డాలర్లు బహుమతిగా నేర్పరచెను. తప్పు చూపువానిని మిత్రునిగా నెంచుటయే పండితలక్షణము. మీ వ్యాసములపై నుపాధ్యాయుల యెఱ్ఱసిరా గనబడినపుడు దీనిని స్మరింపుడు.