తోట వైకుంఠము

కోయిలకుంట్ల ప్రాంతమున, కుందేటి చెంతనున్న నల్లరేగడి చేలలో జొన్నకోత కోయు స్త్రీలను చూడుడు. ఎండకు కమిలిన మోములు, నడుమునకు బిగించిన కొంగులు, ముదురురంగు చీరలు, నొసట పెద్ద బొట్లు. నిత్యము కంటబడు ఈ రూపములు పటమున నిలుపదగినవని ఎందరికి తోచును? తెలంగాణ పల్లెలలోని అట్టి స్త్రీలనే చిత్రించి దేశమున పేరొందినవాడు తోట వైకుంఠము.

ఆయన 1942వ సంవత్సరమున నాటి కరీంనగరము జిల్లాలోని బూరుగుపల్లిలో జన్మించెను. ఊరూర తిరుగు నాటక సమాజములు ఆ గ్రామమునకు వచ్చుచుండెడివి. వానిలో స్త్రీ పాత్రలను పురుషులే ధరించెడివారు. మోమునకు రంగు పూసి, కన్నులకు కాటుక దిద్ది, చీర కట్టి, పురుషుడు స్త్రీగా మారు ఆ వింత బాలుని మనస్సున గాఢముగ నాటుకొనెను. పిదప ఆయన చిత్రించిన స్త్రీల నిండు అలంకారమునకు ఆ వేషములు ఒక మూలము.

హైదరాబాదు లలితకళల కళాశాలలో చదివిన పిమ్మట, ఆంధ్రప్రదేశ్ లలితకళా అకాడమీ వేతనముతో ఆయన బరోడాకు పోయెను. అచ్చట గురువు కె. జి. సుబ్రహ్మణ్యన్. శాంతినికేతనమున నందలాల్ బోసు వద్ద శిక్షణ పొందిన ఆయన గ్రామీణుల బొమ్మలను, వృత్తికళలను ఎన్నడును చిన్నచూపు చూచినవాడు కాడు. నగరమున చదివినవానికి పల్లె అల్పముగ తోచుట సాధారణము. వైకుంఠము మాత్రము పల్లెవైపే మరలెను. తన తల్లి రూపమే ఆయన స్త్రీ చిత్రములకు ఆధారమయ్యెను. తొలినాళ్ళలో చిన్న కాగితములపై బొగ్గుతోనే గీసెను. రంగులు తరువాత వచ్చినవి.

ఆ రంగులను గూర్చి కొంత చెప్పవలెను. 15వ శతాబ్దిలో ఇటలీ చిత్రకారులు వెలుగునీడలను మేళవించి, చదునైన పటముపై ముఖము ఉబ్బెత్తుగ కనబడునట్లు చేయు విద్యను పెంపొందించిరి. లియొనార్డో డావించి అందు సిద్ధహస్తుడు. వైకుంఠము పటములలో నీడలకు ప్రాధాన్యము లేదు. ఎరుపు, పసుపు, కాషాయము, ఆకుపచ్చ నిండుగ పరచుకొనియుండును. వానికి గట్టి గీత హద్దుగ నిలుచును. కలిపి చేసిన రంగులు చుట్టునున్న ప్రకృతిలో కానరావని ఆయన అభిప్రాయము. ఆకుపచ్చ కూడ పసుపు నీలముల కలయికయే గదా యని ఎవరైన వాదింపవచ్చును. ఆయన పటములలోని స్త్రీల చేతిపై వ్రాలిన చిలుకను చూచిన పిదప ఆ వాదము నిలువదు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఆ స్త్రీల మేనిఛాయ. ఇంటింట గోడలపై వ్రేలాడు అచ్చుపటములలో సౌందర్యవతి యనగా తెల్లని మేను గలది. వైకుంఠము స్త్రీలు నల్లనివారు. ఆ నలుపును ఆయన ఎన్నడును పలుచన చేయలేదు.

బి. నర్సింగరావు దర్శకత్వమున 1988లో నిర్మితమైన ‘దాసి’ చలనచిత్రమునకు ఆయన కళాదర్శకుడు. దొరల గడిలో దాసిగ బ్రదికిన ఒక స్త్రీ కథ అది. ఆ పనికి ఆయనకు జాతీయ పురస్కారము లభించెను.

ఒకే తీరు స్త్రీలను మరల మరల చిత్రించుచున్నాడను విమర్శ కలదు. అందు సత్యము లేకపోలేదు. అయినను, నామములు దిద్దిన పురోహితులును, భుజముపై కండువా వేసికొన్న గ్రామీణులును ఆయన పటములలో కనబడుదురు. వారందరును బూరుగుపల్లి వంటి ఊరివారే.