పేరులో ఫిష్ ఉంది, ఒంట్లో ముల్లు లేదు



పోయిన నెల స్లిప్ టెస్టులో చేపలకు మూడు ఉదాహరణలు రాయమంటే మా క్లాసులో చాలామంది రోహు, షార్క్, జెల్లీ ఫిష్ అని రాశారు. మార్కు పోయింది. "పేరులోనే ఫిష్ ఉంది కదా మేడమ్" అని ఒక పాప నాతో వాదించింది. వాదనలో తప్పు లేదు, తప్పంతా ఆ పేరుదే.

చేపకు వెన్నెముక, మొప్పలు, గుండె ఉంటాయి. జెల్లీ ఫిష్‌కు ఈ మూడూ లేవు, మెదడు కూడా లేదు. ఒంట్లో దాదాపు 95 శాతం నీరే. రెండు పలచని కణపొరలు, వాటి మధ్య జిగురు పదార్థం, లోపల ఒక సంచి, దానికి ఒకే ద్వారం. తినడానికీ, మిగిలింది బయటికి పంపడానికీ అదే దారి. అందుకే దీన్ని అకశేరుకాల్లో, నిడేరియా వర్గంలో చేర్చారు. గ్రీకులో ఆ పేరుకు మూలం, ముట్టుకుంటే ఒళ్లు మండించే ఒక మొక్క. ఈ వర్గం గుర్తింపు కార్డు దంశకణాలే. హైడ్రా, పగడపు జీవులూ ఇందులోవే. అంటే జెల్లీ ఫిష్‌కు రోహు కంటే అమ్మమ్మ మెడలోని పగడాన్ని తయారుచేసిన జీవే దగ్గరి చుట్టం!

ఈ చోటు ఒక్కరోజులో ఖరారు కాలేదు. 1758లో లినేయస్ జెల్లీ ఫిష్‌ను పురుగుల గుంపులో వేశాడు. తర్వాత చాలాకాలం టీనోఫోర్లతో కలిపి సీలెంటిరేటా అన్నారు. టీనోఫోర్లు కూడా జెల్లీలాగే మెరుస్తాయి కానీ వాటికి సొంత దంశకణాలు లేవు. దువ్వెన పళ్లలాంటి ఎనిమిది వరుసలతో ఈదుతూ, జిగురు కణాలతో ఆహారాన్ని పట్టుకుంటాయి. అందుకే ఇప్పుడు వాటిది వేరే వర్గం. బజారులో కొనే చార్టుల్లో ఈ రెండూ కలిసిపోయి ఉంటే దయచేసి పిల్లల చేత దిద్దించండి.

నిడేరియాలో అసలు జెల్లీ ఫిష్‌లు స్కైఫోజోవా విభాగానివి. ఆరీలియా వాటిలో బాగా తెలిసినది. బాక్స్ జెల్లీలను కూడా ఒకప్పుడు ఇందులోనే ఉంచేవారు, ఇప్పుడు క్యూబోజోవా అనే వేరే విభాగం. వాటికి కటకం ఉన్న కళ్లు కూడా ఉన్నాయి, మెదడు లేకుండానే!

పరీక్షలోనూ, బీచ్‌లోనూ ఎక్కువమంది పొరబడేది ఫైసేలియా దగ్గర. నీలం బుడగలా అందంగా ఉంటుంది. అది జెల్లీ ఫిష్ కాదు, ఒక్క జంతువులా కనిపించే సహనివేశం. హైడ్రోజోవా విభాగానిది. ముంబై బీచ్‌లకు వానాకాలంలో కొట్టుకొస్తుంటుంది. ఇసుకలో చచ్చి పడి ఉన్నా దాని దంశకణాలు కుడతాయి. బెలూన్ అనుకుని పిల్లలు చేత్తో పట్టుకోబోతారు, జాగ్రత్త. కుడితే రుద్దకండి, మంచినీళ్లు పోయకండి. సముద్రపు నీటితోనే కడిగి, అతుక్కున్న పోగులను ఉత్త చేత్తో కాకుండా తీయండి. ఊపిరి ఆడకపోయినా, వాంతులైనా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఈ వారం ఇంట్లో మరో మూడు అడిగి చూడండి: స్టార్ ఫిష్, సిల్వర్ ఫిష్, కటిల్ ఫిష్. మూడింటిలో ఒక్కటీ చేప కాదు, మూడూ మూడు వేర్వేరు వర్గాలవి. యూనిట్ టెస్టులో అడగబోతున్నాను.