ఫ్లోరా థాంసన్ పుట్టిన పల్లె

ఇంగ్లాండు దేశమున ఆక్స్‌ఫర్డుషైరు మండలపు ఈశాన్య భాగమున జూనిపర్ హిల్ అను కుగ్రామము కలదు. పేరునకు కొండయే కాని అచ్చట చెప్పుకొనదగిన కొండ లేదు. చుట్టుపట్ల గోధుమ చేలకంటె ఆ నేల కొంచెము మెరక, అంతియే. పందొమ్మిదవ శతాబ్దము చివరి భాగమున అందు సుమారు ముప్పది యిండ్లుండెను. కోట లేదు, సంత లేదు, పేరుపొందిన వీరుడెవ్వడును అందు పుట్టలేదు. అట్టి పల్లెకు చరిత్ర యేమి యుండునని ఎవరైనను అనుకొందురు. అయినను ఆ పల్లెవారు ఏమి తినిరో, ఎంత కూలి గడించిరో, దేనికి భయపడిరో, దేనికి సంతోషించిరో నేడు లోకమునకు తెలియును. అందుకు కారణము ఒక్కటే. ఆ యూరి బాలిక యొకతె తాను చూచినదానిని, పెద్దలవలన విన్నదానిని మరువక, ఏబది యేండ్ల తరువాత పుస్తకముగా వ్రాసెను. ఆమెయే ఫ్లోరా థాంసన్.

ఫ్లోరా 1876వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన జన్మించెను. తండ్రి ఆల్బర్టు టిమ్స్ రాతిపని చేయు మేస్త్రి. తల్లి ఎమ్మా పెండ్లికి ముందు పరుల యిండ్ల బిడ్డలను పెంచు దాదిగా పనిచేసినది. చీకటి పడిన తరువాత పిల్లలను చుట్టును కూర్చుండబెట్టుకొని ఆమె కథలు చెప్పుచుండెను. ఫ్లోరాకు తమ్ముడు ఎడ్విన్ అన్న ప్రాణము. ఊరి ప్రక్కనుండి పోవు పెద్దబాటమీద ఒక మైలురాయి యుండెను. ఆక్స్‌ఫర్డు పందొమ్మిది మైళ్లని దానిపై చెక్కబడి యుండెను. ఆ పట్టణము ఎట్లుండునో, అచ్చటి విద్యాలయములలో ఏమి చదువుదురో అని అక్కయు తమ్ముడును ఊహలల్లుకొనుచుండిరి. ఫ్లోరా తన పుస్తకమున పేర్లను మార్చినది. ఊరికి లార్క్ రైజ్ అనియు, తనకు లారా యనియు, తమ్మునికి ఎడ్మండు అనియు పేర్లు పెట్టినది. 'నేను' అని వ్రాయక, ఎవరో మరియొక బాలికను గూర్చి చెప్పినట్లు వ్రాసినది.

ఆ పల్లెలో పురుషులు చాలవరకు పొలముకూలీలు. వారము పొడవునను పనిచేసిన వానికి కూలి పది షిల్లింగులు. ఆనాటి నాణెములలో ఇరువది షిల్లింగులు ఒక పౌను. అనగా వారమునకు అరపౌనుతో భార్య, అయిదారుగురు బిడ్డలు బ్రదుకవలెను. ఇంటి వెనుక కూరగాయల తోట, ఒక పందిపిల్ల, ఇవియే వారికి ఆధారము. పందిని పెంచి శీతకాలమున చంపి, మాంసమును ఉప్పులో ఊరవేసి సంవత్సరము పొడవునను కొంచెము కొంచెముగా వాడుకొనుచుండిరి. కనుక బడినుండి వచ్చునపుడు పిల్లలు దారిలో పచ్చియాకులను, నత్తలను ఏరి పందికి మేతగా తెచ్చుచుండిరి. ఆదివారమున పురుషులు ఒకరి పందిని ఒకరు చూడబోయి, దాని గుణములను గూర్చి మాటలాడుకొనుచు నిలిచియుండుట ఆ యూరి వేడుక.

పాఠశాల ఒకటిన్నర మైలు దూరమున కాటిస్‌ఫర్డు గ్రామమున ఉండెను. చలి మిక్కుటమైన దినములలో తల్లులు నిప్పులలో కాల్చిన ఉర్లగడ్డలు రెండు బిడ్డల చేతులలో పెట్టి పంపుచుండిరి. దారి పొడవునను అవి చేతులకు వెచ్చదనము నిచ్చును. బడి చేరిన తరువాత అవియే ఫలహారము. ఇంగ్లాండు దేశమున చిన్నపిల్లలందరును బడికి పోవలెనను నిర్బంధము 1880లో ఏర్పడెను. కూలివాని బిడ్డలు చదువను వ్రాయను తప్పక నేర్చిన మొదటి తరములలో ఫ్లోరాది ఒకటి. ఆమె ముందు తరములవారిలో ఎందరికో చెప్పుటకు కథ యున్నను, వ్రాయుటకు అక్షరము లేకపోయెను.

కోతలు ముగిసిన తరువాత స్త్రీలును బిడ్డలును చేలలోనికి పోయి, రాలిన గోధుమ వెన్నులను ఏరుకొనుచుండిరి. దీనినే మన పల్లెలలో పరిగె యేరుట యందురు. తెల్లవారినది మొదలు వరుసలు తీరి నడుములు వంచి, ఒక్క వెన్నైనను విడువక ఏరవలెను. ఇట్లు రెండు మూడు వారములు సాగును. ఏరిన గింజలను మరకు పంపగా, మరవాడు తన పాలు తీసికొని పిండిని తిరిగి పంపును. ఆ పిండిసంచిని ముందుగదిలో కుర్చీమీద నిలిపి, వచ్చినవారికి చూపుచుండిరి. సంచిని చూచినవారు మెచ్చుకొనుట మర్యాద. శీతకాలమున రొట్టెకు లోటుండదను ధైర్యము ఆ సంచిలో నుండెను.

ఇంత కష్టపడినను ఆ పల్లెవారు ఎందుకు పేదలైరి? వారు సోమరులు కారు. దుబారా చేయుటకు వారియొద్ద ఏమియు లేదు. తాము ఎల్లప్పుడును ఇట్లే యుంటిమని ఊరివారిలో పలువురు తలచుచుండిరి. ఆ ప్రశ్నకు సమాధానము బాలికకు పుస్తకములలో దొరకలేదు. ఒక ముసలియామె నోట దొరికినది.

ఆ ముసలియామెను ఫ్లోరా తన పుస్తకమున సాలీ అని పిలిచినది. అప్పటికి ఆమెకు ఎనుబది యేండ్లు దాటెను. సాలీ చిన్నతనమున ఆ యూరిలో ఆరే యిండ్లుండెనట. అవి ఒక పచ్చికబయలు చుట్టును వలయముగా నుండెనట. వాని చుట్టును కంటికి ఆనినంత మేర పొదలతోను పచ్చికతోను నిండిన బంజరు. ఆ బంజరు ఊరుమ్మడిది. అందు పశువులను మేపుకొనుటకును, వంటచెరకు కొట్టుకొనుటకును ఊరివారికి హక్కు కలదు. సాలీ తండ్రి ఆ హక్కును బట్టి ఒక ఆవును, బాతులను, కోళ్లను, పందులను పెంచెను. సంతకు సరకు చేరవేయుటకు అతనికి గాడిదబండియు ఉండెను. తల్లి వెన్న తీసి అమ్ముచుండెను. రొట్టె ఇంటనే కాల్చుచుండెను. దీపమునకు క్రొవ్వువత్తులను సైతము ఇంటనే పోయుచుండెను. వారు ధనికులు కారు, కాని మరియొకని దయకై చేయి చాపినవారును కారు.

పిదప ఆ బంజరు పోయినది. ఉమ్మడి నేలలకు కంచెలు వేసి వానిని సొంత భూములుగా మార్చుటకు ఇంగ్లాండు పార్లమెంటు పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దములలో వేలకొలది చట్టములు చేసెను. కాటిస్‌ఫర్డు బంజరుకు ఆ గతి 1850 ప్రాంతములలో పట్టెను. కంచె వేసిన తరువాత పంట పెరిగినమాట నిజమే. దేశమునకు ధాన్యము హెచ్చినది. కాని ఆవును మేపుకొనుటకు చోటు లేనివాడు ఆవును అమ్ముకొనెను. ఆవు లేనివాడు కూలికి పోయెను. నిన్నటివరకు తన మేతబీడైన నేలలోనే నేడు పది షిల్లింగుల కూలివాడై నాగలి పట్టెను. పిల్లలు పరిగె యేరిన చేలు కొన్ని వారి తాతలు ఆవులను తోలిన బయళ్లే.

క్వీనీ అను మరియొక ముసలియామె లేసు అల్లుట ఎరిగినది. ఇది మన నరసాపురము ప్రాంతమున కొక్కెపుసూదితో అల్లు లేసు వంటిది కాదు. ఒక గట్టి దిండుపై గుండుసూదులు గ్రుచ్చి, కండెలకు చుట్టిన దారములను అటునిటు మార్చుచు అల్లునది. శీతకాలమంతయు అల్లినదానిని బాన్బరీ సంతలో అమ్ముకొని ఆ సొమ్ముతో ఏడాదికి వలసినవి కొనుక్కొనుచుండిమని క్వీనీ చెప్పుచుండెను. యంత్రము వచ్చి చవుకగా లేసు నేయసాగినది మొదలు ఆమె దిండు మూలబడెను. బంజరు ఒకవైపునను, చేతిపని మరియొకవైపునను పోగా, మిగిలినది కూలి యొక్కటే. చిన్నారి లారా ఈ మాటలను పెద్దల ప్రక్కన కూర్చుండి వినెను. అవి చరిత్ర యని అపుడు ఆమెకు తెలియదు.

పదునాలుగవ యేట ఫ్లోరా ఇల్లు విడిచి, ఫ్రింగ్‌ఫర్డు గ్రామపు తపాలాకచేరిలో సహాయకురాలిగా చేరెను. తపాలాకచేరి నడిపిన యామెయే ఆ ప్రక్కనున్న కమ్మరికొలిమికిని యజమానురాలు. ఉత్తరములు వ్రాయనేరనివారు అక్కడికి వచ్చినపుడు వారి మాటలను కాగితముపై పెట్టుట ఆ బాలిక పనులలో ఒకటి. ఇట్లు ఆమె ఇతరుల సుఖదుఃఖములను వినుటయు, వానిని మాటలలో కూర్చుటయు నేర్చెను.

ఆ పల్లెలలో ముసలివారికి ఒక పెద్దభయముండెను. పని చేయలేని నాడు ఇల్లు విడిచి, ప్రభుత్వపు దరిద్రశాలకు పోవలెను. అచ్చట భార్యాభర్తలను వేరుచేసి ఉంచుచుండిరి. 1908లో వృద్ధాప్య పింఛను చట్టము వచ్చెను. 1909 జనవరి 1వ తేదీనుండి డెబ్బది యేండ్లు నిండిన పేదలకు వారమునకు అయిదు షిల్లింగులు చొప్పున తపాలాకచేరులలో ఇయ్యసాగిరి. అప్పటి ఆర్థికమంత్రి లాయిడ్ జార్జి. ఇంత దయ చూపినవాడు గొప్ప ప్రభువే అయి యుండునని తలచి ముసలివారు అతనిని 'లార్డు జార్జి' అనిరట. సొమ్ము చేతబడినపుడు కొందరి కన్నుల నీరు కారెనట. సొమ్ము లెక్కించి యిచ్చిన పిల్లకు తమ తోటలోని పూలను, ఆపిలుపండ్లను తెచ్చియిచ్చిరట. చట్టము తేదీ ప్రభుత్వ గ్రంథములందున్నది. ఆ పూలును ఆ పండ్లును ఫ్లోరా పుస్తకమున నిలిచినవి.

ఫ్లోరా 1903లో జాన్ థాంసన్ అను తపాలా ఉద్యోగిని వివాహమాడెను. ఆమెకు పాఠశాల చదువు తప్ప పై చదువు లేదు. ఉచిత గ్రంథాలయములే ఆమెకు కళాశాలలు. కూలివాని కూతురు వ్రాతకు కూర్చుండుట భర్తవైపు బంధువులకు నచ్చలేదు. అయినను 1911లో ఒక స్త్రీల పత్రిక జరిపిన వ్యాసపోటీలో ఆమె బహుమతి గెలుచుకొనెను. ఇంటిపనులు ముగించి, బిడ్డలను పెంచుచు, వీలైన వేళల వ్రాసెను. చిన్ననాటి పల్లెను గూర్చిన పుస్తకము 'లార్క్ రైజ్' 1939లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారి వలన వెలువడెను. అప్పటికి ఆమెకు అరువదిరెండేండ్లు. చిన్ననాడు మైలురాయిపై చదివిన పట్టణపు పేరు తన పుస్తకపు మొదటి పుటపై అచ్చుపడెను. మరి రెండు భాగములు 1941, 1943 సంవత్సరములలో వచ్చెను. ఆ నడుమ 1941లో, యుద్ధకాలమున, ఆమె చిన్నకుమారుడు పనిచేయుచున్న వర్తకనౌక శత్రువుల దాడికి మునిగెను. అతడు తిరిగి రాలేదు. ఆ దుఃఖమును భరించుచునే ఆమె మూడవ భాగమును ముగించెను. 1947 మే 21వ తేదీన ఆమె కన్నుమూసెను.

జ్ఞాపకము ఒక్కటే చరిత్ర కాదు. కాలము గడచినకొలది మనసు కొన్నిటిని వదలును, కొన్నిటిని కలుపును. ఇంగ్లాండున 1801 మొదలు పదేండ్లకొకసారి జనాభా లెక్కలు వ్రాయుచున్నారు. 1841 మొదలు ఇంటింటివారి పేర్లును, వృత్తులును అందు చేర్చుచున్నారు. పండితులు ఆ లెక్కలతోను, ఊరి దాఖలాలతోను ఫ్లోరా వ్రాతను పోల్చి చూచిరి. ఆమె కొన్ని పేర్లు మార్చుటయే కాక కొందరు మనుష్యులను, కొన్ని యూళ్లను ఒకటిగా కలిపినదని తెలిసినది. ఇట్లు సరిచూచుట అవసరమే. కాని బంజరు ఎన్నడు పోయినదో చెప్పు దాఖలా, దానితో పాటు సాలీ తండ్రి ఆవు పోయినదని చెప్పదు. దాఖలాకు జ్ఞాపకము ప్రాణము పోయును, జ్ఞాపకమునకు దాఖలా హద్దు చూపును. రెండును చేరిననాడే ఊరి చరిత్ర నిండుగా తెలియును.

సాలీ చిన్నతనము పందొమ్మిదవ శతాబ్దపు తొలి దినములది. ఆమె మాట వినిన బాలిక దానిని ఇరువదవ శతాబ్దమున వ్రాసినది. రెండు జీవితముల జ్ఞాపకము నూటముప్పదియేండ్లకు పైగా ఒక వంతెనవలె నిలిచినది. నడుమ ఒక్కరు వినకున్నను, వినినవారు వ్రాయకున్నను ఆ వంతెన కూలియుండెడిది.

ఫ్లోరా తన మొదటి పుస్తకమును ఊరి చర్చిగోడమీది ఒక ఇత్తడి పలకతో ముగించినది. మొదటి ప్రపంచ యుద్ధమునకు పోయి తిరిగిరాని ఆ ప్రాంతపు యువకుల పేర్లు దానిపై కలవు. ఆ చిన్న ఊరినుండి పోయినవారిలో పదునొకండుగురు మరలి రాలేదు. పేర్లు రెండు వరుసలుగా ఉండగా, చివర ఒంటరిగా ఉన్నది ఎడ్మండు పేరని ఆమె వ్రాసినది. ఆమెతో కలిసి మైలురాయిని చదివిన తమ్ముడు ఎడ్విన్ 1916లో బెల్జియము నేలపై మరణించెను. ఇత్తడి పలక అతని పేరును మాత్రమే చెప్పగలదు. అతడు చలిలో వేడి ఉర్లగడ్డలను పట్టుకొని బడికి నడచిన బాలుడని చెప్పగలిగినది అక్క యొక్కతియే. ఆమె చెప్పినది.

ప్రతి యూరిలోను ఒక సాలీ యుండును. ఆమె మాటలాడుచున్నంత కాలమే వినుటకు వీలుండును.