ప్రత్యర్థి దేశపు ఆదాయాన్ని అంచనా కట్టే కొలువు

ఒక దేశం తన ఆదాయ లెక్కలను దాచినా, పెంచి చూపినా, అది సైన్యంపై ఎంత ఖర్చు భరించగలదో, ఆంక్షలను ఎంతకాలం తట్టుకోగలదో తేల్చడం ఆర్థిక గూఢచార విశ్లేషకుల పని. సినిమాల్లో చూపినట్టు దొంగిలించిన పత్రాలకు ఇందులో పెద్ద పాత్ర ఉండదు. కరెంటు వాడకం, రైళ్లలో కదిలిన సరుకు, ఉపగ్రహానికి చిక్కే రాత్రి వెలుగు, ఆ దేశంతో వ్యాపారం చేసే దేశాలు ప్రకటించే ఎగుమతి దిగుమతుల లెక్కలే ముడిసరుకు. చైనాలో లియావోనింగ్ రాష్ట్ర పార్టీ కార్యదర్శిగా ఉన్న లీ కెచియాంగ్ కూడా, అధికారిక అంకెలకన్నా కరెంటు, రైలు సరుకు, బ్యాంకు రుణాలనే గమనిస్తానని 2007లో అమెరికా రాయబారితో అన్నట్టు తర్వాత బయటపడిన దౌత్యపత్రం చెబుతోంది.

ఈ విద్యను సాధన చేయడానికి నల్లగొండ జిల్లా మాడుగులపల్లి పరిసరాలు చక్కగా సరిపోతాయి. నార్కట్‌పల్లి–అద్దంకి రహదారిపై ఇక్కడి టోల్‌ప్లాజా దాటే లారీలను లెక్కించి స్థానిక వ్యాపారం ఇంత అని తేల్చేస్తే అది తప్పుడు అంచనా అవుతుంది, ఎందుకంటే వాటిలో చాలావరకు హైదరాబాద్ నుంచి నెల్లూరు, చెన్నై వైపు సాగిపోయేవే. నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద పండిన వడ్ల విలువను, మిర్యాలగూడ మిల్లులు అమ్మిన బియ్యం విలువను కలిపితే ఒకే పంట రెండుసార్లు లెక్కకొస్తుంది. మిల్లు రూ.100కు వడ్లు కొని, రూ.10 ఇతర ఖర్చులు పెట్టి, బియ్యం, తవుడు కలిపి రూ.120కి అమ్మితే, మిల్లు జోడించిన విలువ రూ.10 మాత్రమే. కాల్వకు నీళ్లు రాని ఏడాది పంట ఆదాయం పడిపోయినా ఊళ్లలో దీపాలు ఎప్పటిలాగే వెలుగుతాయి కాబట్టి, వ్యవసాయ ప్రాంతాల్లో రాత్రి వెలుగు బలహీనమైన సాక్ష్యం.

పేరున్న సంస్థలకూ ఇలాంటి లెక్కల్లోనే కాలు జారింది. 1980లలో సోవియట్ ఆర్థిక వ్యవస్థ అమెరికా ఆర్థిక వ్యవస్థలో సగానికి పైనే ఉంటుందని సీఐఏ లెక్కగట్టగా, అది ఎక్కువ అంచనా అని తర్వాత చాలామంది ఆర్థికవేత్తలు తేల్చారు. టన్నులు లెక్కకు అందినంతగా సరుకు నాసితనం అందలేదు, రూబుల్‌ను డాలర్లలోకి మార్చే నిష్పత్తీ చిక్కులు తెచ్చింది. అందుకే మంచి విశ్లేషకుడు ఒకే అంకె చెప్పకుండా కనిష్ఠ, గరిష్ఠ హద్దులు చెబుతాడు.

ఈ కొలువు కోరుకునేవారికి, మన విదేశీ గూఢచార సంస్థ ‘రా’లో చేరేందుకు నేరుగా రాసే బహిరంగ పోటీ పరీక్ష లేదు. అయితే ఇంటెలిజెన్స్ బ్యూరోలో అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్ పోస్టులకు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివినవారు యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్‌కు, ఎకనామిక్స్ పీజీ ఉన్నవారు ఇండియన్ ఎకనామిక్ సర్వీస్‌కు పోటీపడవచ్చు. ఉపగ్రహ చిత్రాలపై ఆసక్తి ఉన్నవారికి హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉంది. దరఖాస్తుకు ముందే నల్లగొండ జిల్లా ఉత్పత్తిని పరోక్ష ఆనవాళ్లతో అంచనా వేసి, రాష్ట్ర ప్రభుత్వం సోషియో ఎకనామిక్ అవుట్‌లుక్‌లో ప్రకటించే జిల్లా అంకెతో పోల్చి, తేడా ఎక్కడ వచ్చిందో రాసిపెట్టుకున్న అభ్యర్థికి ఇంటర్వ్యూలో చెప్పడానికి సొంత సరుకు ఉంటుంది.