పాత కారు ఇంజనులో ‘టిక్ టిక్’ శబ్దం: కారణాలు, నివారణ

వర్జీనియాలోని షాంటిలీ వంటి ఊళ్ళలో కారు లేనిదే గడప దాటడం కష్టం. కొత్తగా వచ్చిన కుటుంబం కొనే మొదటి కారు తరచుగా ఒకరు వాడినదే. కొన్న వారానికే, ఒక చలికాలపు ఉదయాన ఇంజను నుండి గడియారం వలె ‘టిక్ టిక్’మని శబ్దం వినవచ్చిందనుకొందాం. ఇంజను మార్చవలసిందే అని ఒకరంటారు. పాత కారుకు ఇది మామూలే అని మరొకరంటారు. పరీక్షింపక మొదటి మాట నమ్మితే ధననష్టం. రెండవది నమ్మితే ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయం.

ముందుగా శబ్దం పుట్టే తీరు తెలుసుకొందాం. నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేసరికి, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఒక్క చుట్టే తిరుగుతుంది. ఇంజను నిమిషానికి 720 చుట్లు తిరుగుతుంటే, ఒక వాల్వు వద్ద సందు పెరిగినప్పుడు సెకనుకు 6 దెబ్బలు వినబడతాయి. ఇంజను వేగం పెరిగితే టిక్కుల వేగమూ పెరుగుతుంది. అయితే లయ ఒక్కటే నిర్ణయానికి చాలదు.

మొదటి పరీక్ష ఆయిల్. కారును సమతలంపై నిలిపి, ఇంజను ఆపిన కొద్ది నిమిషాలకు డిప్‌స్టిక్‌ను తీసి, తుడిచి, మరల ముంచి చూడాలి. చాలా ఇంజన్లలో హైడ్రాలిక్ లిఫ్టర్లు ఆయిల్ ఒత్తిడితోనే వాల్వుల సందును పూరిస్తాయి. ఆయిల్ తగ్గినా, మురికిపట్టినా అవి సరిగా నిండవు. మాన్యువల్‌లో చెప్పిన రకపు ఆయిల్, కొత్త ఫిల్టరు వేస్తే శబ్దం పోవచ్చు. రాత్రంతా నిలిచిన కారులో కొన్ని క్షణాలు మాత్రమే వినబడి ఆగే టిక్కు సాధారణంగా భయపడదగినది కాదు. కొన్ని హోండా ఇంజన్లలో ఇట్టి లిఫ్టర్లు లేవు. ఫీలర్ గేజ్‌తో సందు కొలిచి సరిచేయాలి.

రెండవది ఎగ్జాస్టు. చల్లని ఇంజనులో బిగ్గరగా ఉండి, వేడెక్కిన కొద్దీ తగ్గితే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వద్ద గాస్కెట్ చెడిందేమో, బోల్టు విరిగిందేమో చూడాలి. వేడికి లోహం వ్యాకోచించి సందు మూసుకొంటుంది. కానీ ఆ సందు గుండా రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ వెలువడి కారులోకి చేరవచ్చు. ఈ మరమ్మతును వాయిదా వేయరాదు. మూసిన గరాజులో ఇంజను నడపరాదు.

మూడవది చోటు. మెకానిక్ స్టెతస్కోపుతో ఒక్కొక్క భాగాన్ని తాకి వింటే శబ్దస్థానం తెలుస్తుంది. తిరిగే బెల్టులకు, ఫ్యానుకు చేతులు, దుస్తులు దూరంగా ఉంచాలి. ఇంజెక్టర్లన్నిటి నుండి సమంగా వచ్చే మెల్లని టిక్కు సహజమైనదే.

టిక్కు కాక, బరువు లాగేటప్పుడు హెచ్చే లోతైన ‘ఠక్ ఠక్’ వినబడినా, ఆయిల్ ఒత్తిడి దీపం వెలిగినా, క్షేమంగా పక్కకు నిలిపి ఇంజను ఆపివేయాలి. కనెక్టింగ్ రాడ్ బేరింగ్ చెడి ఉండవచ్చు. కారును టో ట్రక్కుపైనే తరలించాలి.

కొనేముందే చల్లని ఇంజనును వినడం అన్నిటికంటె మేలు. వాడిన కార్లను అమ్మే డీలర్లు కిటికీకి ‘బయ్యర్స్ గైడ్’ అంటించాలన్న ఫెడరల్ నియమం 1985లో అమలులోకి వచ్చింది. అందులో ‘యాజ్ ఈజ్’ అని ఉంటే, కొన్న తరువాత మరమ్మతు ఖర్చు సాధారణంగా మనదే. అమ్మేవారితో సంబంధంలేని మెకానిక్‌కు ముందే చూపించండి. ఇంజను పాడైందని కాక, శబ్దం ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు వస్తున్నదో చెప్పండి. సరైన వైద్యానికి రోగలక్షణమే ఆధారం గదా!