ఇంట్లోనూ ప్యాంటేనా?

సమస్య

నాకు 19 ఏళ్లు. బంగారుపాళ్యం దగ్గర పల్లె మాది. తిరుపతిలో డిగ్రీ రెండో ఏడాది. కబడ్డీలో లెఫ్ట్ కార్నర్ ఆడతాను. జిల్లా జట్టుకు ఆడాను. ప్రో కబడ్డీలోకి పోవాలని కోరిక. పోయినేడు తోతాపురి మామిడికి ధర లేకపోయినా నాయన సీమావును అమ్మి నా బూట్లకు, తిండికి, క్యాంపులకు పెట్టాడు. సంక్రాంతి పోటీల్లో రైడర్ కాలు పట్టబోతే నా మోకాలు మెలి తిరిగింది. ఇప్పుడు మెట్లు దిగేటప్పుడు పట్టు తప్పుతోంది. వాపు అమ్మకు కనపడకుండా ఇంట్లో కూడా లుంగీ మానేసి ప్యాంటే వేసుకుంటున్నా. వచ్చే నెల సెలక్షన్స్. ఈసారి రాకపోతే ఆట చాలించి మామతో బెంగళూరు పనికి పొమ్మంటున్నాడు నాయన. ఆడాలా, పనికి పోవాలా?

- ఒక కార్నర్ ఆటగాడు

సలహా

బాబూ, నువ్వడిగినదానికి జవాబు తేలికే. ఆ మోకాలితో సెలక్షన్స్‌కు పోవద్దు. బరువులు మోసే పనైతే బెంగళూరూ వద్దు. తిరుపతిలో బర్డ్ ఆసుపత్రి ఉంది, ఎముకల డాక్టరుకు చూపించు. పట్టు తప్పడం లిగమెంట్ దెబ్బ కావచ్చు. నూనె మర్దనతో, నీక్యాప్‌తో తేలే సంగతి కాదు. డిగ్రీ మాత్రం ఆపకు.

నన్ను నిద్రపోనివ్వనిది ఆ లుంగీ. చిత్తూరు ఎండల్లో, సొంతింట్లో, కన్నతల్లికి మోకాలు కనపడకూడదని ప్యాంటు తొడుక్కుని తిరుగుతున్నావా! ఎన్ని నెలలుగా? నువ్వు దాస్తున్నది వాపును కాదు, అమ్మేసిన ఆవును. నొప్పి అంటే ఆ డబ్బు వృథా అయిందంటారని నీ భయం.

ప్రో కబడ్డీ రైడర్ పవన్ సెహ్రావత్ సంగతి నీకు తెలిసిందే. 2022లో తమిళ్ తలైవాస్ 2 కోట్ల 26 లక్షలకు కొన్నారు. మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతింది. అంత పెట్టాం కదా అని కట్టుకట్టి ఆడించలేదు. సీజనంతా బయటే ఉన్నాడు. మరుసటి ఏడు హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టుకు అతనే కెప్టెన్. అదే నెలలో మన తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షలకు పైగా ఇచ్చి తీసుకున్నారు. కోట్లు పెట్టినవాళ్లు ఆగగలిగితే, ఒక ఆవును అమ్మిన ఇల్లు ఆగలేదా?

ఈ పేజీ మీ నాయనకు చదివి వినిపించు. అన్నా, బిడ్డ కోసం ఆవును అమ్మారు, చేతులెత్తి మొక్కుతాను. కానీ ఆ లెక్క మీరు రోజూ అన్నం దగ్గర తీస్తున్నారేమో ఒక్కసారి ఆలోచించండి. మన ఇళ్లలో ఇది మామూలైపోయింది. ఫీజు కట్టాం, అప్పు చేశాం, నీకోసమే కదా అంటూ ఉంటాం. అది వినీ వినీ పరీక్ష తప్పిన పిల్ల మార్కులు దాస్తుంది, కాపురం బాగాలేని కూతురు నవ్వుతూ ఫోన్ చేస్తుంది, మీవాడు మోకాలు దాస్తాడు. పెట్టిన డబ్బును బిడ్డ ముందు బాకీగా లెక్కపెట్టకండి. వాడు మీకు బాకీ లేడు.

బాబూ, కార్నర్‌గా నీకు నేను చెప్పాలా? నువ్వు కాలు దొరకబుచ్చుకున్నాక కవర్ వచ్చి మీద పడకపోతే రైడర్ నిన్ను ఈడ్చుకుంటూ గీత దాటేస్తాడు. ఇంట్లో మాత్రం ఇన్నాళ్లూ ఒక్కడివే పట్టుకున్నావు.

ఈ రాత్రికి లుంగీ కట్టుకుని అన్నానికి కూర్చో. అమ్మ చూస్తుంది, అడుగుతుంది. సంక్రాంతి నాటి నుంచీ అంతా చెప్పు.