కళ్లు పోతాయని కంప్యూటర్‌కు దూరం చేయకండి

‘‘వాడికి చూపు తక్కువ సార్. కంప్యూటర్ ముందు కూర్చుంటే ఉన్నది కూడా పోతుందేమోనని ముట్టుకోనివ్వలేదు. డిగ్రీ అయిపోయింది కదా, బ్యాంకు కోచింగ్‌లో చేరుద్దామనుకుంటున్నాం.’’ లో విజన్ ఉన్న పిల్లల తల్లిదండ్రులు నాతో తరచూ అనే మాట ఇది. బ్యాంకు పరీక్ష జరిగేది కంప్యూటర్ మీద. ఉద్యోగం వస్తే రోజంతా ఉండేదీ దాని ముందే. ఇన్నేళ్లూ తెరకు దూరంగా పెంచిన పిల్లాణ్ని టైమర్ పరుగెత్తే తెర ముందు కూర్చోబెట్టి రాయమంటే ఏం రాస్తాడు?

చదివినందువల్ల చూపు అరిగిపోదు. రెటినైటిస్ పిగ్మెంటోసాలో చూపు తగ్గుతుంది నిజమే, కానీ తగ్గించేది జబ్బు, చదువు కాదు. ఆల్బినిజంలో అయితే మామూలుగా అలా తగ్గుతూ పోవడం కూడా ఉండదు. మైనస్ పవర్ ఏటా పెరుగుతున్న చిన్నపిల్లల సంగతి వేరు, వాళ్ల గురించి కంటి డాక్టరునే అడగండి. మిగతావాళ్లకు కళ్ల మంట, మెడనొప్పి వచ్చేది చాలావరకు చిన్న అక్షరాల కోసం తెర మీదకు వంగి కూర్చోవడం వల్ల. అచ్చు పుస్తకంలో అక్షరాన్ని పెంచుకోలేం. తెర మీద పెంచుకోవచ్చు.

అందరికీ ఒకేలా పెంచితే మాత్రం కుదరదు. స్టార్‌గార్ట్ అనే రెటీనా జబ్బు ఉన్న అమ్మాయికి మధ్య చూపు దెబ్బతింటుంది, అక్షరం బాగా పెద్దదైతేనే పట్టుకోగలదు. రెటినైటిస్ ఉన్న అబ్బాయికి చుట్టూ మూసుకుపోయి మధ్యలో కొంచెమే కనిపిస్తుంది. అతనికి అక్షరం మరీ పెంచితే మాటలో సగం చూపు దాటిపోతుంది. అతనికి కావాల్సింది మోస్తరు సైజు, గట్టి రంగుల తేడా. ఆల్బినిజం ఉన్నవారికి తెల్లటి తెరే శత్రువు, నల్లటి నేపథ్యం మీద లేత అక్షరాలు హాయి. ఎవరికి ఏది సరిపోతుందో ఎల్వీ ప్రసాద్ నేత్ర సంస్థ లాంటి చోట్ల ఉండే దృష్టి పునరావాస విభాగంలో చూపించుకోండి. కోచింగ్ సెంటర్‌కు అడ్వాన్సు కట్టే ముందే ఆ పని జరగాలి.

ఇంట్లో చేసుకోగలిగింది కూడా చాలా ఉంది. విండోస్ కీ పట్టుకుని ప్లస్ నొక్కితే మాగ్నిఫయర్ వస్తుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్తే అక్షరం సైజు 225 శాతం వరకు పెరుగుతుంది. చాలా ఇళ్లలో అన్నయ్యో బావో వచ్చి స్క్రీన్ రిజల్యూషన్ తగ్గించి ‘పెద్దవి చేశాను’ అంటారు. పెద్దవైతే అవుతాయి కానీ అంచులు మసకబారతాయి. రిజల్యూషన్‌ను అలాగే ఉంచి స్కేల్ పెంచాలి. తెలుగు చదవడానికి ఇది మరీ ముఖ్యం. ప, వ మధ్య తేడా అంతా తలకట్టు దగ్గరుంది. ద, ధ మధ్య తేడా కింద ఒక చిన్న గీత. మసక తెర మీద ఈ జతల్లో రెండక్షరాలూ ఒకేలా కనిపిస్తాయి. ‘లక్ష్మి’లో ఒత్తులు కింది వరుసకు తగిలిపోతాయి కాబట్టి వరుసల మధ్య ఎడం కూడా పెంచుకోవాలి.

చూపు తగ్గుతూ పోయే జబ్బయితే, కనిపిస్తుండగానే ఎన్‌వీడీఏ నేర్పించండి. తెర మీది మాటల్ని చదివి వినిపించే ఈ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం, తెలుగు కూడా చదువుతుంది. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో చేసిన పీడీఎఫ్ ఇస్తే మాత్రం అర్థంలేని ముక్కలు వినిపిస్తుంది. నోట్సు యూనికోడ్‌లో ఇవ్వమని లెక్చరర్లను మొదటి రోజే అడగాలి.

అర్హత సంగతి ఒక్క ముక్కలో: వైకల్యం కనీసం 40 శాతం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో అంధత్వానికీ లో విజన్‌కూ కలిపి 1 శాతం రిజర్వేషన్ ఉంది. బ్యాంకు ఉద్యోగాలకు పెట్టే ఐబీపీఎస్ పరీక్షలో అక్షరాల్ని పెద్దవి చేసి చూసుకునే వీలు, గంటకు 20 నిమిషాల అదనపు సమయం ఉన్నాయి. సొంతంగా చదవగలిగిన పిల్లల్ని కూడా కొందరు భయపెట్టి స్క్రైబ్ (అభ్యర్థి బదులు రాసిపెట్టే మనిషి) వైపు నెడుతుంటారు. ముందు ఇంట్లో పెద్ద అక్షరాలతో నాలుగు మాక్ టెస్టులు రాయించి చూడండి. అలసిపోతే అప్పుడు స్క్రైబ్ సంగతి ఆలోచించవచ్చు.

బ్యాంకు ఒక్కటే దారి అనుకోవడం ఒక తప్పయితే, ఇప్పుడు కొత్తగా ఇంకో హడావిడి మొదలైంది. వెబ్‌సైట్లు, యాప్‌లు అందరూ వాడగలిగేలా ఉన్నాయో లేదో పరీక్షించే యాక్సెసిబిలిటీ టెస్టింగ్ పనికి గిరాకీ పెరిగింది. 2025 జూన్ 28 నుంచి యూరప్‌లో దీనికి చట్టం అమల్లోకి వచ్చింది. అదే ఏడాది జులైలో మన స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ కూడా తన పరిధిలోని సంస్థలకు ఆదేశాలిచ్చింది. దాంతో ‘మూడు నెలల్లో సర్టిఫికెట్, వెంటనే ఉద్యోగం’ అనే బోర్డులు లేస్తున్నాయి. వాటికి అప్పు చేసి డబ్బు కట్టకండి. ఈ పనికి గీటురాయి అయిన డబ్ల్యూసీఏజీ (వెబ్ యాక్సెసిబిలిటీ) ప్రమాణాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మామూలు సైజు అక్షరానికీ నేపథ్యానికీ రంగుల తేడా 4.5:1 ఉండాలని, పేజీని 400 శాతం పెంచినా పక్కకు జరుపుకోకుండా చదవగలగాలని అందులోనే ఉంటుంది. ఎన్‌వీడీఏ నిపుణుల పరీక్ష రాయడం ఉచితం. అంతర్జాతీయ యాక్సెసిబిలిటీ నిపుణుల సంఘం ఐఏఏపీ ఇచ్చే సర్టిఫికెట్లకు విలువుంది కానీ ఫీజు డాలర్లలో ఉంటుంది. కొంతకాలం పనిచేశాక రాస్తేనే వాటికి అర్థం.

నాకైతే ఇష్టమైన దారి వేరు. హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ గట్టిగా నేర్చుకుని, తను రోజూ వాడే ఏ దరఖాస్తు పోర్టల్‌నో తీసుకుని, ఎక్కడ అక్షరం విరుగుతోందో, ఏ బూడిదరంగు మాట కనిపించట్లేదో స్క్రీన్‌షాట్లతో ఒక రిపోర్టు రాయాలి. అలాంటివి మూడు చేతిలో ఉంటే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి సరుకుంటుంది. ఈ పని నచ్చనివారు కంటెంట్ రాయొచ్చు, లా చదవొచ్చు, టీచరు కావొచ్చు. చూపు తక్కువని అందరూ టెస్టర్లే కానక్కర్లేదు. చూపులేని పారిశ్రామికవేత్త శ్రీకాంత్ బొల్లా కథతో తీసిన ‘శ్రీకాంత్’ సినిమా చూపించి ‘ఆయనలా నువ్వెందుకు కాలేవు’ అని పిల్లల్ని వేధించే నాన్నలకు ఒక మనవి: మచిలీపట్నం దగ్గరి ఊరి నుంచి వచ్చిన శ్రీకాంత్ పదో తరగతి తర్వాత సైన్సు సీటు కోసమే కోర్టుకెక్కాల్సి వచ్చింది. మీ పిల్లల తరఫున కాలేజీతో పోట్లాడే పని మీరు తీసుకోండి.

ఉద్యోగం వచ్చాక లో విజన్ సంగతి దాచమని సలహా ఇచ్చే బంధువులు ఉంటారు, వినకండి. చేరిన వారంలోనే పెద్ద మానిటర్, దాన్ని ముఖం దగ్గరికి లాక్కునే ఆర్మ్, కిటికీ వెలుతురు తెర మీద పడని సీటు కావాలని హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టాలి. చట్టం ఒప్పుకున్న వసతులే ఇవి. మెయిల్ కాపీ దగ్గర పెట్టుకోండి.